చూద్దాం బావ

మా బావకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. అది ఆయన యూనిఫాం జేబు మీద తప్ప ఎక్కడా పనికిరాలేదు. ఇంట్లో, వీధిలో, నా టాక్సీ స్టాండులో అందరికీ ఆయన ‘చూద్దాం బావ’. ఈ పేరు పెట్టింది నేనే కాబట్టి ఆ ఘనత ఇంకెవరికీ ఇవ్వను.

“ఆదివారం ఇంట్లో ఉంటావా?” అని మా అక్క అడిగితే “చూద్దాం” అనేవాడు. “నాన్నా, మా ఆటల పోటీలకి వస్తావా?” అని పాప అడిగినా “చూద్దాం తల్లీ” అనేవాడు. పెద్దవాళ్లు చూద్దాం అన్నారంటే ఆ పని కాదని అర్థం. ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. పాప ఒకటో తరగతిలో ఉండగా టీచరు “మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?” అని అడిగిందట. ఇది లేచి నిలబడి “చూద్దాం అంటారండీ” అని చెప్పిందట. ఆ రోజు ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. బావ కూడా నవ్వాడు, ఫోన్లో.

నిజానికి మా బావ చూద్దాం అంటే అది తప్పించుకోవడం కాదు. ఆయనకి నిజంగానే తెలియదు. ఆయన పైలట్. వందల మందిని ఎక్కించుకుని ఆకాశంలోకి తీసుకెళ్లి మళ్లీ భద్రంగా దించే మనిషి. అలాంటి మనిషికి తన ఇంటికి తాను రావడానికి విమానంలో సీటు దొరకదంటే మొదట్లో నేను నమ్మలేదు. నా టాక్సీ ఎక్కేవాడెవడూ సీటు ఉంటుందా లేదా అని దేవుడికి దండం పెట్టుకుని ఎక్కడు.

పైలట్ డ్యూటీ మొదలయ్యే ఊరిని బేస్ అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచి బావ బేస్ మారుతూనే ఉంది. మారినప్పుడల్లా అక్క తన కుట్టు మిషన్ విప్పించి, సామాన్లు మూటలు కట్టించి, ఆయన వెంట నడిచింది. అలా తిరిగి తిరిగి చివరికి మేముండే ఊరికొచ్చి పడ్డారు. ఇక్కడ అక్క ఇంటి కిందిభాగంలో కుట్టు షాపు పెట్టింది. రెండు బడుల యూనిఫాంలు ఆవిడవే. సరిగ్గా షాపు నిలదొక్కుకున్నాక బేస్ మళ్లీ మారింది. ఈసారి అక్క కదలనంది.

“నా మిషన్ ఇంకో ఊరికి ఎత్తను. విమానాలు నడిపేవాడివేగా, వచ్చి పో” అంది.

వచ్చి పో అనే రెండు మాటల మీద మా బావ బతుకంతా నడిచింది. రోడ్డు మీద వస్తే రెండు రోజుల దూరం. అందుకని విమానమే దిక్కు. కంపెనీ వాళ్లకి స్టాఫ్ టికెట్ ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నవాళ్లందరూ కూర్చున్నాక సీటు మిగిలితే అది నీది. మిగలకపోతే జంప్ సీటు. అంటే కాక్‌పిట్‌లో పైలట్లిద్దరి వెనకా గోడకి అతుక్కుని ఉండే సీటు. మీట నొక్కి లాగితే కిందికి దిగుతుంది, లేస్తే టప్పున మూసుకుంటుంది. దాని మీద కూర్చుంటే మోకాళ్లు ఛాతీకి తగులుతాయట. అదైనా ఉండేది ఒక్కటే. దానికి కూడా ఆ విమానం కెప్టెన్‌ని అడగాలి. బావ కన్నా చిన్నవాడైనా సరే, బావ దగ్గర పని నేర్చుకున్నవాడైనా సరే, తలుపు దగ్గర నిలబడి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, “మీతో రావచ్చా?” అని అడగాలి. అడిగితే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ అడగాలి.

ఆ కొత్త బేస్ ఊళ్లో బావ ఉండే గది ఒకసారి నేనూ చూశాను. అది గది కాదు, సామాన్ల కొట్టు. ఎనిమిది మంచాలు, వాటిల్లో ఏదీ ఎవరిదీ కాదు. దుప్పటి ఎవరిది వాళ్లు సంచిలో పెట్టుకుని తిరుగుతారు. ఒక పైలట్ లేచిన వేడి ఆరకముందే ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. మధ్యలో ఇస్త్రీ బల్ల, దాని మీద ఎప్పుడూ ఒక తెల్ల చొక్కా. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. గురక పెట్టేవాళ్లు కిటికీ పక్క మంచాల మీద పడుకోవాలట. “నువ్వెక్కడ పడుకుంటావు బావా?” అంటే సిగ్గుపడుతూ కిటికీ వైపు చూపించాడు.

ఆ గదిలోనే ఆయనకి ఒక మర్యాద నేర్పారు. ఎక్కడా రాసి ఉండదు, కంపెనీ పుస్తకాల్లో వెతికినా దొరకదు. జంప్ సీటు కోసం ఇద్దరు పైలట్లు, ఏ కంపెనీ వాళ్లైనా సరే, నిలబడితే, ఒకడు డ్యూటీకి వెళ్తూ, ఒకడు ఇంటికి వెళ్తూ ఉంటే, డ్యూటీకి వెళ్లేవాడికే సీటు వదిలేస్తారు. ఇంటికి వెళ్లేవాడు తర్వాతి విమానం చూసుకుంటాడు. డ్యూటీకి అందకపోతే ఉద్యోగం పోతుంది, ఇంటికి అందకపోతే ఏం పోతుంది? బావ కొత్తల్లో ఎవరో పెద్ద కెప్టెన్ అలాగే తన సీటు ఈయనకిచ్చి తాను నేల మీదే ఉండిపోయాడట. ఆ సంగతి బావ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అంటే ఇల్లు ఎప్పుడూ తర్వాతేనన్న మాట!

మా అక్క సంగతి చెప్పాలి. అక్కది పెద్ద గొంతు. మోటారు మిషన్ల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి అలా తయారైందో, పుట్టుకతోనే అంతో తెలియదు. ఆవిడ షాపులో దారం అడిగితే వీధి చివరున్న నాకు వినిపించేది. బావ నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వాటా మాటలూ అక్కే మాట్లాడేది. బావ వస్తున్నాడో లేదో తెలియని రోజుల్లో కూడా రెండు కంచాలు పెట్టి, ఒకటి ఖాళీగా ఎదురుగా ఉంచుకుని, దాన్ని తిడుతూ కూర్చునేది. ఆయన వచ్చేదాకా తినేది కాదు. రాడని తేలాక చల్లారిన అన్నం తినేది.

ఆ గొంతు బొంగురుపోయింది. గుడ్డల దుమ్ము అనుకున్నాం. జలుబు అనుకున్నాం. మందులు మింగింది, ఆవిరి పట్టింది. తగ్గలేదు. చివరికి గొంతు డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

“గడ్డ స్వరపేటికలో ఉంది. అది మొత్తం తీసెయ్యాలి. మనిషి దక్కుతుంది, నాకు నమ్మకం ఉంది. కానీ మాట ఉండదు.”

బావ ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. పరీక్షల కోసం అక్కని ఆసుపత్రుల చుట్టూ తిప్పడానికే సెలవులు దాదాపు అన్నీ అయిపోయాయి. మిగిలిన నాలుగూ ఆపరేషన్ తర్వాతకి దాచాడు. మర్నాడు బేస్‌కి బయల్దేరుతుంటే అక్క షాపులో సుద్దముక్కతో గుడ్డ మీద గీతలు గీస్తోంది. తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

“ఆపరేషన్ ముందు రోజు నువ్వు నా ఎదురుగా ఉండాలి.”

బావ నోరు తెరిచాడు.

“చూద్దాం అన్నావంటే ఈ కత్తెర పెట్టి కొడతా” అంది. గొంతు గరగరమంటోంది. “ఇన్నేళ్లూ నీతో ఫోన్లోనే కాపురం చేశాను. నీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి ఫోన్లో చెప్పను. ఆ ఒక్క రోజు నా ఎదురుగా కూర్చో. చెప్పేస్తాను. ఆ తర్వాత గొంతు పోతే పోయింది.”

బావ చాలాసేపు టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. ఆయనకి ఆ మాట అలవాటు లేదు.

“వస్తాను” అన్నాడు.

అక్క తలెత్తి చూసింది. నా పెళ్లిలో కూడా ఆవిడ ముఖం అంత వెలగలేదు.

ఆ రోజు నుంచి అక్క మాతో మాటలు మానేసింది. మాట్లాడితే నొప్పి, మాట్లాడే కొద్దీ గొంతు ఇంకా పూడుకుపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అక్క దాన్ని మనసులో పెట్టుకుంది. నాతో సైగలు, పాపతో సైగలు, షాపుకొచ్చిన వాళ్లకి వేళ్లతో లెక్కలు. ఎదురింటావిడ ఊరుకోలేక “అయ్యో, ఉన్నన్నాళ్లయినా మాట్లాడమ్మా” అంది. అక్క నవ్వి తల అడ్డంగా ఊపింది. మిగిలిన కాస్త గొంతునీ దాచుకుంటోందని నాకు తెలుసు. ఎవరి కోసమో కూడా తెలుసు.

ఆ ముందు రోజు రానే వచ్చింది. పొద్దున్నే అక్కని ఆసుపత్రిలో చేర్చి, పాపని దగ్గర కూర్చోబెట్టి, నేను టాక్సీ వేసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. పొద్దుటి విమానం వచ్చింది. జనం బయటికొచ్చారు. బావ రాలేదు. వేరే కంపెనీ పైలట్ యూనిఫాంలో ఒక కుర్రాడు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి, నా బండి నంబరు చూసుకుని నిలబడ్డాడు.

“మీరేనాండీ కెప్టెన్ గారి బావమరిది? ఆయన మీకు చెప్పమన్నారు. తర్వాతి ఫ్లైట్‌కి వస్తారట. అందులో బోలెడు ఖాళీలు ఉన్నాయట.”

“మరి ఇందులో ఏమైంది?”

“జంప్ సీటు ఆయనదేనండీ. నాకు ఇక్కడే డ్యూటీ. ఇదివరకే ఒకసారి లేటైంది. ఈసారి కూడా అయితే ఉద్యోగం పోయేదే. నేను అడగలేదండీ, ఊరికే గేటు దగ్గర నిలబడ్డాను. నా ముఖం చూసి ఆయనే ‘నువ్వెళ్లు’ అన్నారు. చాలా మంచివారు.”

“మంచివాడే. ఆ జబ్బు ఎప్పుడో ముదిరింది” అన్నాను. ఆ అబ్బాయి నేను వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వి, మళ్లీ లోపలికి పరుగెత్తాడు. బావ ఉండే ఊళ్లో ఈ అబ్బాయి ఇల్లు, ఈ అబ్బాయి పనిచేసే ఊళ్లో బావ ఇల్లు. వీళ్లిద్దరూ ఇళ్లు మార్చుకుంటే పీడా పోయేది కదా అనుకున్నాను. అప్పటికి నాకు భయం లేదు. ఖాళీలున్నాయన్నాడు కదా.

మధ్యాహ్నం అక్క దగ్గర ఉండగా ఫోన్ మోగింది. నేను వరండాలోకి వెళ్లి ఎత్తాను.

“ఒరే, ఇంకో ఫ్లైట్ చెడిపోయిందిరా. అందులోవాళ్లందరినీ ఇందులో సర్దేశారు. ఖాళీలన్నీ పోయాయి.”

“జంప్ సీటు?”

“తనిఖీ ఆఫీసరు ఎక్కాడు. ఆయన ఎక్కితే ఇంక ఎవరికీ ఉండదు.”

“డబ్బు పెట్టి టికెట్ కొనొచ్చు కదా బావా నిన్ననే!”

ఖాళీలున్న విమానానికి టికెట్ కొనడం పైలట్లకి నామోషీ. గదిలో మిగతావాళ్లు నవ్వుతారు. ఆ సంగతి ఆయన చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.

“సాయంత్రం ఫ్లైట్‌కి ఇప్పుడు టికెట్లు కూడా లేవు. గేటు దగ్గరే ఉంటాను. చూ...” అని ఆగిపోయాడు.

నాకు కోపం ఆగలేదు. “అసలు ఆ కుర్రాడికి సీటు ఎందుకిచ్చావు? అక్క గొంతు కన్నా వాడి ఉద్యోగం ఎక్కువైందా?”

“వాడు డ్యూటీకి వెళ్తున్నాడురా.”

“నువ్వు వచ్చేది మాత్రం దేనికి బావా? ఇదీ డ్యూటీయే కదా!”

బావ వెనక ఎవరి పేర్లో మైకులో పిలుస్తున్నారు. ఆ పేర్లలో ఆయన పేరు లేదు.

గదిలో అక్క మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చుని ఉంది. తాను కుట్టుకున్న కొత్త బట్టలే వేసుకుంది. ఆసుపత్రి గౌను మంచం మీద మడత పెట్టి ఉంది. నర్సు రెండుసార్లు వచ్చి మార్చుకోమంది. అక్క చేత్తో ఆగమంది. ఎదురుగా ఇంకో కుర్చీ తెప్పించి వేయించుకుంది. పాప అందులో కూర్చోబోతే కళ్లతోనే వద్దంది. ఆ మధ్యాహ్నమంతా ఆ ఖాళీ కుర్చీ చుట్టూ మేం ముగ్గురం నోరు మెదపకుండా కూర్చున్నాం. గొంతు ఉన్న మా ఇద్దరికీ మాటలు రాలేదు.

సాయంత్రం గాలివాన పట్టింది. విమానం బరువు తగ్గించాలన్నారట, స్టాఫ్ టికెట్ల వాళ్లనీ, జంప్ సీటు ఎక్కిన బావనీ దింపేశారట. బావ పాపకి ఫోన్ చేసి అమ్మకి ఇమ్మన్నాడు. ఫోన్లో మాట్లాడనని అక్క అన్న మాట మాకు గుర్తుంది. అయినా పాప ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టింది. గది నిశ్శబ్దంగా ఉండడంతో బావ మాటలు మాకూ వినిపించాయి. ఆయన ఏడుస్తున్నాడు.

“పొద్దున్నే మొదటి ఫ్లైట్‌కి వచ్చేస్తాను. నిన్ను లోపలికి తీసుకెళ్లేలోపు నీ దగ్గర ఉంటాను. ఒట్టు. వింటున్నావా? ఒక్కసారి మాట్లాడవే.”

అక్క చాలాసేపు ఆ ఖాళీ కుర్చీ వైపే చూసింది. గొంతు సవరించుకుంది. నేను తిట్లు పడతాయనుకున్నాను. పడితే బాగుండేది.

“చూద్దాం” అంది.

గరగరలాడినా ఆ మాట స్పష్టంగా వచ్చింది. ఫోన్ పాపకిచ్చేసి, లేచి గౌను తీసుకుని, బట్టలు మార్చుకోవడానికి బాత్రూంలోకి వెళ్లింది. ఇన్నాళ్లూ దాచుకున్న గొంతు ఆ ఒక్క మాటకి ఖర్చైపోయింది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు బావకి మొదటి విమానంలోనే జంప్ సీటు దొరికింది. నేను టాక్సీని ఎలా తోలానో నాకే తెలియదు. మేం మెట్లెక్కి వెళ్లేసరికి ఆపరేషన్ గది తలుపు మూసేశారు. ఆ రోజు మొదటి కేసు అక్కదే. బావ యూనిఫాంలోనే ఉన్నాడు. తలుపు తెరుచుకుని నర్సు బయటికి రాగానే ఆయన గబుక్కున టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“లోపలికి రావచ్చా?” అన్నాడు.

నర్సు ఆయన్ని వింతగా చూసి, “బయట కూర్చోండి సార్” అంది. ఆ అడగడం చూసి నా కోపమంతా చచ్చిపోయింది. జీవితమంతా తలుపుల దగ్గర అలా అడుగుతూ బతికిన మనిషి. ఆయన్ని ఏమనాలి?

అక్క బతికింది. డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. మెడకి ముందువైపు చిన్న రంధ్రం, ఊపిరి అక్కడి నుంచే. దాని మీద కప్పుకోవడానికి మెత్తటి గుడ్డతో అక్కే చిన్న చిన్న తెరలు కుట్టుకుంది, యూనిఫాంల అంచులంత శ్రద్ధగా. షాపు మళ్లీ తెరిచింది. గొట్టంతో మాట నేర్పిస్తామన్నారు, గొంతుకి ఆనించే యంత్రం ఇస్తామన్నారు. రెండూ వద్దంది.

బావ ఉద్యోగం మానేస్తాడని అందరం అనుకున్నాం. మానలేదు. అక్క మందులకి కంపెనీ బీమాయే ఆధారం. ఆయన చెప్పిన కారణం అదే. ఆ పని తప్ప ఆయనకి ఇంకేం చేయాలో తెలియకపోవడం అసలు కారణమని నా అనుమానం. మళ్లీ అదే గది, కిటికీ పక్క మంచం, అదే గేటు. ఒక్కటే తేడా. ఎవరేం అడిగినా చూద్దాం అనడం మానేశాడు. ఆ మాట రాబోయే చోట పెదవి కొరుక్కుంటాడు. నేనూ ఆ పేరుతో పిలవడం మానేశాను.

ఇంటికొచ్చినప్పుడల్లా అక్కని అడిగేవాడు. “ఆ రోజు నాకేం చెప్పాలనుకున్నావు? రాసివ్వు. ఫోన్లో కొట్టి పంపు. ఏదైనా సరే చదువుతాను.” అక్క తల అడ్డంగా ఊపేది. ఒకసారి నేనూ బతిమాలాను. అప్పుడు నా వైపు తిరిగి, నిదానంగా, నాకు అర్థమయ్యేలా పెదవులు కదిపింది. అవి నోటితో చెప్పేవిరా, అంది.

దూరం నుంచి ఫోన్ చేయడం మాత్రం బావ మానలేదు. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే అంగుస్తానాతో అక్క ఫోన్ వెనక కొడుతుంది. ఒకసారి టక్ అంటే అవును. రెండుసార్లంటే కాదు. తిన్నావా, టక్. నొప్పి ఉందా, టక్ టక్. వాళ్ల కాపురానికి ఆ రెండూ సరిపోయాయి. చూద్దాం అనడానికి వాళ్లు ఏమీ పెట్టుకోలేదు.

మొన్న నేను షాపులో ఉండగా బావ ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. బావ గొంతులో ఎప్పుడూ లేని హుషారు.

“సీటు దొరికింది. లోపలికొచ్చి కూర్చున్నా. బెల్టు కూడా పెట్టుకున్నా. ఈసారి ఇంకెవరికీ ఇవ్వనే, డ్యూటీకి వెళ్లేవాడు వచ్చినా ఇవ్వను. భోజనం టైముకి ఇంట్లో ఉంటాను. సరేనా?”

అక్క వేలు ఫోన్ మీదికి లేచింది. ఒకసారీ కొట్టలేదు, రెండుసార్లూ కొట్టలేదు. వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. నా వైపు చూసింది. పెదవులు కదిపింది. ఆ మాట చదవడానికి నాకు అనుభవం అక్కర్లేదు. ‘చూ’ అన్నప్పుడు పెదవులు ముందుకొస్తాయి, చివర్న మూసుకుంటాయి.

“ఏమందిరా?” అన్నాడు బావ.

“త్వరగా రమ్మంటోంది బావా.”

అవతల కాక్‌పిట్‌లో ఎవరో ఏవో అంకెలు చదువుతున్నారు.

“చూద్దాం అంది కదూ?” అన్నాడు.

తలుపు వేస్తున్నారని చెప్పి ఆయనే ఫోన్ పెట్టేశాడు. అక్క మిషన్ మీదికి వంగి ఆగిన కుట్టు మళ్లీ మొదలుపెట్టింది.

ఆ రోజు బావ అన్న మాట ప్రకారం సరిగ్గా భోజనం వేళకి వచ్చాడు. నా టాక్సీలోనే తెచ్చి దింపాను. సంచి గుమ్మంలో పెట్టి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లాడు. అక్క అప్పటికే తినేసింది. రెండో కంచం గూట్లో బోర్లించి ఉంది.